మిల్లులో వర్జ్యం

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు శిరీష భోజనానికి వచ్చింది. ఉండేది ఏలూరులోనే, అయినా నెలకోసారి మొహం చూపిస్తే గొప్ప. తప్పు దానిది కాదు. కొల్లేటి చేపల చెరువుల వాళ్లకి అప్పులిచ్చే ఏదో ప్రైవేటు కంపెనీలో పని. పొద్దున్నే స్కూటీ వేసుకుని కొల్లేటికోట దాకా గట్ల మీద తిరిగి, సాయంత్రం ఆఫీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఇల్లు చేరేసరికి తోటకూర కాడలా వాడిపోతుంది. ఆదివారమన్నా తీరిగ్గా తింటుందని గుత్తివంకాయ కూర చేసి, ముక్కల పులుసు పెట్టాను. కంచం ముందు కూర్చుందో లేదో ఫోను. ఎడమ చేత్తో ఎత్తి "ఓకే సార్, ష్యూర్ సార్" అంది. పెట్టేసి ముద్ద కలిపింది. మళ్లీ ఫోను, మళ్లీ "ష్యూర్ సార్". నెయ్యి గడ్డకట్టింది, అన్నం చల్లారింది, నాకు ఒళ్లు మండింది.

"ఆ ఫోను అవతల పారెయ్యవే" అన్నాను.

"పారేస్తే దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది అత్తయ్యా" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది. కదిపితే అంతా చెప్పుకొచ్చింది. జీతాలు పెంచి చాలా కాలమైందట. అడిగితే ఈ క్వార్టర్ బాగోలేదు, వచ్చే క్వార్టర్ చూద్దాం అంటాడట మేనేజరు. వచ్చే క్వార్టర్‌లో వానలంటాడు, ఆ పై క్వార్టర్‌లో రొయ్యల రేటు పడిపోయిందంటాడు. "అది కూడా ఆయన చెప్పడు అత్తయ్యా. నా కింద పనిచేసే కుర్రాళ్లకి నా నోటితో చెప్పిస్తాడు. వాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు. నాకు మాత్రం పెరిగిందా ఏమిటి?" అంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. దాని మొహంలో నాకు మా నాన్నగారు కనిపించారు. చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మేమున్న ఇల్లూ, ఆ ఊక పొగా, ఆ రైసుమిల్లూ అన్నీ గుర్తుకొచ్చి, దానికి పెరుగన్నం కలిపి పెడుతూ చెప్పడం మొదలుపెట్టాను.

మా తాతగారిది కామవరపుకోట దగ్గర ఒక పల్లెలో పౌరోహిత్యం. మా నాన్నగారు ఆ వృత్తి వద్దనుకుని, ఎస్సెల్సీ చదివి, తాడేపల్లిగూడెంలో చిట్టబ్బాయిగారి రైసుమిల్లులో గుమాస్తాగా చేరారు. వద్దనుకున్నదే మెడకి చుట్టుకుంది. మిల్లులో ఆయన్ని ఎవరూ గుమాస్తాగారు అనలేదు. చేరిన రోజు నుంచీ పంతులుగారే. పొద్దున్న వెళ్లగానే గల్లాపెట్టె దగ్గర దీపం పెట్టడం, శుక్రవారం కొబ్బరికాయ కొట్టడం, దసరాకి యంత్రాలకి పూజ, ఆ ఇంట్లో సత్యనారాయణ వ్రతమంటే కథ చదవడం, ఇవన్నీ చేసి ఆ మీదట లెక్కలు రాయాలి. జీతం మాత్రం గుమాస్తాకిచ్చేది, అందులోనూ ఊళ్లో అందరికంటే తక్కువ. పూజలకి విడిగా ఏమీ లేదు. "దేవుడి పనికి జీతమేవిటండీ, పుణ్యం కదండీ" అనేవారు చిట్టబ్బాయిగారు. జీతం పెంచమన్నప్పుడల్లా ఇంటికి ఒక బస్తా నూకలో, బండెడు ఊకో పంపేవారు. అందుకని మా ఇంట్లో సాయంత్రం అయ్యిందంటే నూకల ఉప్మా. ఆ ఉప్మా పేరెత్తితే నాకు ఇప్పటికీ ఆకలి చచ్చిపోతుంది.

ఊక పొయ్యి పెట్టడం అమ్మకి రోజూ ఒక యజ్ఞం. రేకు డబ్బా మధ్యలో రోకలిబండ నిలబెట్టి, చుట్టూ ఊక పోసి, గుప్పిళ్లతో దిట్టంగా కూరి, రోకలిని మెల్లిగా పైకి లాగేది. ఏ మాత్రం చెయ్యి వణికినా ఊకంతా కూలిపోయేది. అప్పుడు అమ్మ ఊకని తిట్టేది కాదు, చిట్టబ్బాయిగారిని తిట్టేది. ఇల్లంతా ఆ పొగ. నా పుస్తకాలకీ, పరికిణీలకీ, జడకీ అదే వాసన. దానికి తోడు నాన్నగారి చొక్కా నిండా తవుడు. ఆయన దొడ్డిదారిన వచ్చి, చొక్కా విప్పి గోంగూర మడి పక్క కంచె మీద దులిపి, నూతి దగ్గర నీళ్లు పోసుకుని, సంధ్య వార్చుకుని గాని ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఎవరి మీదా గొంతు పెంచడం ఆయన ఎరగరు. మిల్లులో మింగిన కోపమంతా దోమతెర మీద తీర్చుకునేవారు. నాలుగు మూలలా తాళ్లు విప్పి, మళ్లీ కట్టి, లాగి లాగి బిగించేవారు. కోపం మరీ ఎక్కువైన రోజున తెర వీణ తీగలా బిగిసి ఉండేది, లోపల పడుకుంటే మొహానికి తగిలేది. "పంతులుగారికి ఇవాళ బాగా మండింది" అని అమ్మ నాతో మెల్లిగా అనేది.

చిట్టబ్బాయిగారు చెడ్డమాట అనే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. తిడితే తిరిగి తిట్టచ్చు, కొడితే పంచాయితీ పెట్టచ్చు. వెన్నలా మాట్లాడుతూ ఏమీ ఇవ్వని మనిషిని ఏం చెయ్యాలి? ఆ మిల్లులో ధాన్యం ఉడికించి కళ్లంలో ఆరబోసే పని ఆడవాళ్లది. మిట్టమధ్యాహ్నం ఎండలో, కాళ్ల కింద కాలిపోయే గచ్చు మీద, పళ్లకర్రతో గింజ తిరగేస్తూ తిరగాలి. వాళ్లందరికీ పెద్దదిక్కు మంగమ్మ. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. బస్తాలు మోసే మగవాళ్ల జట్టుకి అప్పన్న పెద్ద. ఆ ఏడు ఉగాది వెళ్లగానే ఇద్దరూ కలిసి కూలి పెంచమని అడిగారు. మిగతా మిల్లుల్లో ఎప్పుడో పెంచేశారు మరి.

"ఆయ్, పెంచుదామండి. ఎందుకు పెంచం? మీరు కాకపోతే మాకెవరున్నారండి?" అన్నారు చిట్టబ్బాయిగారు. అని, మెల్లిగా తల తిప్పి, "ఏవండీ పంతులుగారూ, ఇవాళ ఎలా ఉందండి?" అన్నారు.

ఆ మిల్లులో డబ్బు బయటికి పోవాలంటే రోజు చూడాలి. అది చిట్టబ్బాయిగారి తల్లి పెట్టిన పద్ధతి. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మగారనేవారు. పొద్దుటి నుంచీ మిల్లు అరుగు మీద పడక్కుర్చీ వేయించుకుని, తులసిమాల తిప్పుకుంటూ కూర్చునేది. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదు, మంగళవారం మరీ కూడదు, దీపాలు పెట్టాక అసలే కూడదు. నాన్నగారు పంచాంగం తీసి చూశారు. చూసినది చెప్పారు. "ఇప్పుడు దుర్ముహూర్తం నడుస్తోందండి." చిట్టబ్బాయిగారు ఎంతో బాధపడిపోయి, "చూశారా అండీ, నా చేతుల్లో ఏముంది?" అని మంగమ్మకేసి చేతులు తిప్పి చూపించారు.

అలా మొదలైంది. ఆషాఢంలో అడిగితే ఆషాఢం అన్నారు. శ్రావణంలో మూఢం వచ్చింది. భాద్రపదం శూన్యమాసం. దసరాకి చీరలు పెట్టాం కదండీ అన్నారు. కార్తికంలో పెద్దమ్మగారు ఉపవాసాల్లో ఉన్నారు, ఇలాంటివి కదపకూడదన్నారు. ప్రతిసారీ ఆయన నోటితో లేదనరు. "పంతులుగారూ, ఎలా ఉందండి?" అంటారు. ఆ లేదనే మాట నాన్నగారి నోట్లోంచి రావాలి. వచ్చేది. అబద్ధం చెప్పలేని మనిషి, పైగా పంచాంగం విషయంలో. తాతగారు చేతిలో పెట్టి నేర్పిన విద్య అది, వృత్తి వదిలినా దాని మీద భయం వదల్లేదు.

కూలివాళ్ల దృష్టిలో అడ్డం పడుతున్నది ఎవరు? చిట్టబ్బాయిగారు కాదు, నాన్నగారు. నేను మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్తే, ఇదివరకు "పాపగారూ" అని పలకరించే ఆడవాళ్లు మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు వీధి కుళాయి దగ్గర మంగమ్మ అమ్మతో మొహం మీదే అంది. "మీ ఆయనగారు నోరిప్పితే చాలండి, మా కూలికి మూఢవేనండి." అమ్మ బిందె అక్కడే దింపేసి ఇంటికొచ్చేసింది. ఆ రాత్రి దోమతెర బిగింపుకి ఒక మూల మేకు ఊడొచ్చింది.

కార్తికం ఆఖర్న అమావాస్య, మిల్లుకి సెలవు, మధ్యాహ్నం. మంగమ్మా అప్పన్నా మా ఇంటికొచ్చారు. గుమ్మం దాటకుండా పెరటి గట్టు మీద కూర్చున్నారు. సార్వా కోతలయ్యి ధాన్యం వచ్చి పడుతున్న రోజులు, పని నడుం విరిగేట్టు ఉంది. రేపొచ్చే మార్గశిరం దాటితే పుష్యం, మళ్లీ శూన్యమాసం, మళ్లీ మాట దొరకదు. అదీ వాళ్ల భయం.

"ఒక్క రోజు, ఒక్క రోజు బాగుందని చెప్పండి పంతులుగారూ. మీ నోట్లోంచి వత్తే ఆయన కాదనలేరండి. పెద్దమ్మగారు కూడా ఇంటారండి" అంది మంగమ్మ.

"బాగున్న రోజు ఆయన అడగటం లేదమ్మా. బాగోలేని వేళే చూసి అడుగుతున్నారు" అన్నారు నాన్నగారు.

"బాగోకపోయినా చెప్పండి. మాకు పట్టింపు లేదండి" అన్నాడు అప్పన్న.

"ఉన్నది లేదని, లేనిది ఉందని నేనెలా చెప్తానయ్యా? నేను రాసినదా ఇది?" అని పంచాంగం వాళ్ల ముందు విప్పి చూపించబోయారు. అదీ నాకు మండుకొచ్చిన విషయం. ఒళ్లు హూనమైన మనుషులు వచ్చి నోరు తెరిచి అడిగితే, వాళ్లకి తిథి వార నక్షత్రాలు చూపిస్తారా? నేను తలుపు చాటు నుంచి పళ్లు కొరుకుతున్నాను. అమ్మ నాలాగ చాటున ఉండలేదు. ఊక అంటిన చేతులతో బయటికొచ్చింది.

"ఏవండీ, నాకు తెలియక అడుగుతాను. బియ్యం అమ్మిన డబ్బు లోపలికొచ్చేటప్పుడు వర్జ్యం ఉండదుటండీ? బయటికెళ్లేటప్పుడే ఉంటుందా?"

నాన్నగారు పంచాంగం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. మంగమ్మ లేచి, "మీరన్నా అడిగారు, అది చాలండి" అని అమ్మకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆయన దోమతెర జోలికి పోలేదు. చాలాసేపు అరుగు మీద కూర్చుని, పంచాంగంలో వచ్చే రోజులన్నీ చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్న నల్లజర్ల వ్యాపారి ఒకాయన బియ్యం సొమ్ము పట్టుకుని మిల్లుకొచ్చాడు. చిట్టబ్బాయిగారు చెయ్యి చాపారు. నాన్నగారు లేచి నిలబడి, ఎంతో మెత్తగా, పెద్దమ్మగారికి వినపడేలా, "ఒక్క మాటండి. వర్జ్యం నడుస్తోందండి. ఇప్పుడు పుచ్చుకోవడం మంచిది కాదండి" అన్నారు. చిట్టబ్బాయిగారి చెయ్యి గాలిలో ఆగిపోయింది. "పంతులుగారు చెప్తున్నారు కదరా అబ్బాయ్, కాసేపాగు" అంది పెద్దమ్మగారు అరుగు మీంచి. ఆ వ్యాపారికి వేరే పనుండి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. మంగళవారం లారీ లోడయ్యి బయల్దేరబోతుంటే, "ఉత్తరానికి కదండీ, ఇవాళ ఉత్తరం శూలండి, అటు కదలకూడదండి" అన్నారు. లారీ బుధవారం కూడా ఆగింది, ఎందుకంటే బుధవారమూ ఉత్తరం శూలే. రైతులు ధాన్యం బళ్లు తోలుకొస్తే, కాటా వెయ్యబోయే వేళకి దుర్ముహూర్తం. ఒక్కటీ కల్పించింది కాదు. అన్నీ అచ్చులో ఉన్నవే. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు, అంతే. బళ్లు గేటు దాటి రోడ్డు మీదకి బారు తీరాయి. కొందరు విసుక్కుని పక్క మిల్లుకి తోలుకుపోయారు.

"పంతులుగారూ, ఇదివరకు ఇవన్నీ చెప్పేవారు కాదు కదండి?" అన్నారట చిట్టబ్బాయిగారు, నవ్వు మొహంతోనే.

"ఇదివరకు తమరు అడిగినవే చెప్పేవాణ్ణండి. తెలిసి చెప్పకపోవడం దోషమనిపించిందండి."

పొమ్మనడానికి లేదు. శాస్త్రం చెప్పిన బ్రాహ్మణ్ణి పొమ్మంటే పెద్దమ్మగారు అన్నం మానేస్తుంది. ఇక్కడిదాకా చెప్పేసరికి శిరీష చెయ్యి ఎండిపోయింది, లేచి కడుక్కోనైనా లేదు. పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, "మా సార్‌కి అరుగు మీద పెద్దమ్మగారు లేరు అత్తయ్యా. పైన రీజనల్ హెడ్ ఉన్నాడు, ఆయన పైన ఇంకెవరో ఉన్నారు. ఎవరి మొహమూ నేను చూడలేదు. నేనెవర్ని భయపెట్టను?" అంది. ఆ రోజుల్లో ముష్టి జీతమే, కానీ ఇవ్వనివాడు ఎదురుగా ఉండేవాడు. వాడి తల్లికి దేవుడంటే భయముండేది, ఊరికి మొహం చూపించాలన్న సిగ్గుండేది. చేసే అన్యాయం మారలేదు గాని, ఇప్పుడు చేసేవాడు ఎక్కడున్నాడో ఈ పిల్లకి తెలీదు. తెలియని వాడికి ఆదివారం పూట అన్నం మానేసి ష్యూర్ సార్ అంటోంది. నాకు అందుకే ఒళ్లు మండేది.

"తరవాతేమైంది?" అంది.

తరవాత పెద్దమ్మగారే కదిలింది. కొత్త పంట వేళ ఇన్ని ఆటంకాలు ఊరికే రావని ఆవిడకి గట్టిగా పట్టుకుంది. "ఎండలో కాళ్లు కాల్చుకునే ఆడకూలీల ఉసురురా ఇది. ఉగాది నుంచి తిప్పుతున్నావు. ముందు వాళ్ల సంగతి చూడు" అని కొడుకుని కూర్చోబెట్టి చివాట్లు పెట్టింది. అయినా ఆయన నాలుగు రోజులు నానబెట్టి, ఒక గురువారం పొద్దున్న, ఏలూరు వెళ్లడానికి కారు గేటు దగ్గర తయారుగా ఉండగా, మంగమ్మనీ అప్పన్ననీ పిలిచారు. ఆ పొద్దున్న నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలి. బయల్దేరబోతుంటే నాన్నగారే ఆపి, మిల్లుకి వెళ్తూ వెళ్తూ, "పదకొండు దాకా వర్జ్యం ఉందమ్మా. అది దాటాకే వెళ్లు" అని చెప్పి వెళ్లారు. అందుకని నేను ఇంట్లోనే గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. అక్కడ జరిగింది మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్తే గేటు దగ్గర మంగమ్మ చెప్పింది. నవ్వుతూ చెప్పింది, కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

చిట్టబ్బాయిగారు కారెక్కబోతూ ఆగి, తల్లి వింటుండగా, "ఆయ్, ఇప్పుడే పెంచేద్దామండి. మాటంటే మాటే. ఏవండీ పంతులుగారూ, ఎలా ఉందండి?" అన్నారట. అప్పటికి పది కొట్టి కాసేపైంది. చిట్టబ్బాయిగారూ పంచాంగం చూసుకునే వచ్చి ఉంటారని నా నమ్మకం. పంతులు అబద్ధమాడడు, లేదంటాడు, కారు వెళ్లిపోతుంది, నెల దాటిపోతుంది. అందరూ నాన్నగారి మొహంకేసే చూశారట. ఆయన పంచాంగం తియ్యలేదట.

"దివ్యంగా ఉందండి. ఇంతకన్నా మంచి వేళ దొరకదండి" అన్నారట.

పెద్దమ్మగారు వెంటనే గల్లాపెట్టె తెరిపించింది. పెంచిన కూలి ఆ పూటే అందరి చేతుల్లోనూ పెట్టించింది. చిట్టబ్బాయిగారు ఏమనగలరు? మంగమ్మ చెప్తూ చెప్తూ, "మీ నాయనగారు దేవుడండి పాపగారూ" అంది. నాకు మాత్రం పొద్దుటి మాటే గుర్తొచ్చింది. పదకొండు దాకా వర్జ్యం అని నాకు చెప్పి వెళ్లిన మనిషి ఆయన. లోపలికెళ్తే నాన్నగారు బల్ల దగ్గర తలొంచుకుని రాసుకుంటున్నారు. క్యారియర్ పెట్టాను. "ఇవాళ వద్దమ్మా, పట్టుకుపో" అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి, నూతి దగ్గర తల మీద చన్నీళ్లు పోసుకుని, దేవుడి గూటి ముందు కూర్చుని ఎంతసేపు జపం చేశారో తెలీదు. రాత్రి కూడా ఏమీ తినలేదు.

అమ్మకి సంగతి అర్థమైంది. పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది. "వాళ్లకి పెరిగింది, మంచిదే. మరి మీ సంగతి అడగలేదుటండీ?"

"అడక్కుండానే ఆయనే అన్నారు. మీకూ పెంచమంటారా పంతులుగారూ, ఇవాళ బాగుందన్నారు కదా అని."

"మీరేమన్నారు?"

"వాళ్లకి బాగుందండి, నాకు బాగోలేదండి, తరవాత చూద్దామండి అన్నాను."

"అదేమిటండీ!" అంది అమ్మ. "ఆ అబద్ధం ఆడిన నోటితోనే నాకూ ఇమ్మని ఎలా అడగనే?" అన్నారు నాన్నగారు. చిట్టబ్బాయిగారు ఎంతో సంతోషించి, మంచి రోజు చూసి మీరే చెప్పండి అన్నారట. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమింది. నేను ఆ రాత్రంతా ఉడికిపోయాను. చిట్టబ్బాయిగారి మీద సరే, నాన్నగారి మీద కూడా. మీకు పెరిగిందా అని ఒక్కసారైనా అడగని మంగమ్మ మీద కూడా.

"మరి తాతయ్యకి ఎప్పుడు పెంచారు?" అంది శిరీష.

పెంచలేదే. ఆయన చెప్పందే వాళ్లెందుకు పెంచుతారు? ఆ మిల్లులో ఉన్నన్నాళ్లూ నూకలూ ఊకే. ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం వచ్చేది. అమ్మ దానికి పసుపు రాసి ఆయన చేతికిస్తూ, "ఈ ఏడాదన్నా మనకో మంచి రోజు చూడండి" అనేది. నాన్నగారు అలాగే అన్నట్టు తలూపి, కళ్లజోడు పెట్టుకుని, అరుగు మీద వచ్చి కూర్చున్న వాళ్ల పిల్లల పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ రోజులు చూస్తూ ఉండిపోయేవారు.